తొమ్మిదో గుంత మీద మంద

గోల్ఫు ఆడి బతికానంటే మా మక్తల్ వైపు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీ. ముప్పై ఏళ్ళు ఆ కర్రతోనే ఇల్లు గడిపాను, పిల్లల్ని చదివించాను. ఎవరి దయా కాదు. చేతికి అందిన మొదటి కొలువు పోవడానికి కారణం మాత్రం మా గొర్రెలేనని ఊళ్ళో అనుకుంటారు. గొర్రెలు చేసిన తప్పేమీ లేదు. ఆ కొలువును నేనే వద్దనుకున్నాను.

కృష్ణ మీద డ్యాం కడుతున్న రోజులవి. కరువుకు మా గొర్రెలు సగం పోతే, నాయినకు మిగిలిన మందను వదిలి నేను నల్గొండ జిల్లాకు వచ్చి రాళ్ళు మోసే పనిలో చేరాను. అక్కడ ఇంజనీర్ల కాలనీ పక్కన, గుట్టల నడుమ, తొమ్మిది గుంతల గోల్ఫు మైదానం ఉండేది. ఆ నేలలో పచ్చిక బతకదు. అందుకని ఒక్కో గుంత చుట్టూ వాడేసిన ఇంజను ఆయిలు కలిపిన ఇసుకను గుండ్రంగా పరిచి, బంతి దొర్లడానికి నున్నగా చదును చేసేవారు. రోజూ గోనెపట్టా లాగి ఆ ఇసుకను సాపు చేసే పని నాకు దొరికింది. నాలుగేళ్ళు లాగాను. సార్లు ఇళ్ళకు పోయాక, వాళ్ళు విరిచి పారేసిన కర్రకు తుమ్మపిడి బిగించుకుని ఆడేవాణ్ణి. పొదల్లోకి దూరే గొర్రెను రాయి విసిరి మళ్ళించినవాణ్ణి, దూరం అంచనా వేయడం నాకొకరు నేర్పాలా? నాలుగో ఏటికి కాలనీలో నన్ను గెలిచే ఇంజనీరు లేడు.

అప్పుడే ఆ మైదానం నడిపే క్లబ్బువాళ్ళు ఆట నేర్పడానికి జీతమిచ్చి ఒక ప్రొఫెషనల్‌ను పెట్టుకోవాలనుకున్నారు. ఈ ఆటలో ఒక వింత ఉంది. ఊరికే ఆడేవాడు దొర, జీతం తీసుకుని ఆడేవాడు నౌకరు. వాడెంత బాగా ఆడినా క్లబ్బు గడప తొక్కనివ్వరు. చాయ్ కూడా బయట అరుగు మీదే. అది తెలిసి కూడా ఆ కొలువు కావాలని నేను తపించిపోయాను. నాకు ఆట వచ్చు, ఆడే బతకాలి, అంతే. నాకు పోటీగా పట్నం నుంచి ఇంకొకడు వచ్చాడు. ఇద్దరి చేతా తొమ్మిది గుంతలూ ఆడించి, గెలిచినవాణ్ణి తీసుకుంటామన్నారు.

పరీక్ష ముందురోజు సాయంత్రం నాయిన వచ్చాడు. ఎండాకాలం మా వైపు మందలు మేతకోసం కృష్ణ వెంట దిగుతాయి. కొత్తకోట మీదుగా రోజుల తరబడి మేపుకుంటూ వచ్చి, కాలనీ వెనక గుట్ట కింద గొర్రెల్ని ఆపి నా గుడిసెకు చేరాడు. పరీక్ష సంగతి చెప్పాను.

"మరి ఆ సార్లకు ఏమిస్తున్నవ్?" అన్నాడు.

"ఏమియ్య. ఆట జూసి కొలువిస్తరు."

"ఉత్త చేతులతోని పోయి కొలువడుగుతవా? సిగ్గు గాదు?" అని, నేను పెట్టిన జొన్నరొట్టె తిని వెళ్ళిపోయాడు.

తెల్లారి నేను వెళ్ళేసరికి క్లబ్బు ముందున్న తొమ్మిదో గుంత చుట్టూ జనం. నాయిన మందను తోలుకొచ్చి ఆ ఇసుక మీదే రాత్రంతా ఆపాడు. మా వైపు రైతులు తమ చేనులో మందను ఆపమని కాపరిని బతిమాలుకుంటారు, రాత్రికి ఇన్నని జొన్నలు కొలిచి ఇస్తారు. గొర్రె పెంటికలను మించిన ఎరువు లేదు. అంత నున్నగా చదును చేసి, నూనె కూడా పోసి, ఒక్క గడ్డిపోచ మొలవని ఆ మడిని చూసి నాయినకు జాలేసింది. కొడుక్కు కొలువిచ్చేవాళ్ళకు తన దగ్గరున్న గొప్ప వస్తువు ఇచ్చాడు. ఒక్క గింజ అడగలేదు.

క్లబ్బు సెక్రటరీ నది అవతలి గట్టు నుంచి వచ్చిన ఇంజనీరు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "మీ నాన్న చేసిన నిర్వాకం చూశావా? వాణ్ణి పిలు. వాడి చేతే ఊడ్పించు" అన్నాడు. నాయినేమో అల్లంత దూరాన కర్ర మీద గడ్డం ఆన్చి, ఇంతమంది పెద్దమనుషులు ఎరువు చూడ్డానికే వచ్చారనుకుని సంబరంగా నిలబడ్డాడు.

'వాడు' అన్న మాటకు నాకు ఒళ్ళు మండింది. "మా నాయిన మంద ఆపితే గింజలు తీసుకుంటడు సార్. ఊడ్వడు. ఆట మొదలువెట్టుండ్రి" అన్నాను. ఎండ ముదురుతోందని మిగతా సార్లు కూడా తొందరపెట్టడంతో సెక్రటరీ పళ్ళు నూరుకుని ఊరుకున్నాడు.

ఎనిమిది గుంతల దాకా ఇద్దరం సమానం. తొమ్మిదో దగ్గర రెండు బంతులూ పెంటికల నడుమ ఆగాయి. బంతి దారిలో పడి ఉన్నవాటిని చేత్తో తీసేయవచ్చని ఆట నియమమే చెబుతుంది. పట్నంవాడు వంగలేదు, ముట్టలేదు. చీపురు తెమ్మన్నాడు, ఈ కంపులో ఎవడాడతాడన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది వాడి వరస. చివరికి ఊపిరి బిగబట్టి కొట్టాడు. బంతి పెంటికకు తగిలి పక్కకు పోయింది.

నేను గొంతుక్కూర్చుని ఒక్కొక్కటే ఏరి పక్కన కుప్ప పోశాను. పెంటికలు ముట్టుకోవడానికి నాకేం సిగ్గు? వాటి మీదే పెరిగాను. ఆ ఇసుక వాలు ఎటో నాలుగేళ్ళు లాగిన చేతులకు తెలుసు. బంతి నేరుగా వెళ్ళి గుంతలో పడింది.

లోపలికి పిలిచారు. ఆ గడప దాటడం అదే మొదటిసారి. బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి కొలువుది. రెండోది క్షమాపణ. మా నాయిన మైదానాన్ని చెడగొట్టాడని, ఇకమీదట ఈ ఛాయలకు రాడని నేను రాసివ్వాలి.

"ముందు దీని మీద సంతకం పెట్టు" అన్నాడు సెక్రటరీ, క్షమాపణ కాగితం ముందుకు తోసి.

అబద్ధమెందుకు, నా చెయ్యి కొలువు కాగితం వైపే లాగింది. కిటికీలోంచి నాయిన కనబడుతున్నాడు. ఆ ఎరువును ఎవరూ తొక్కకుండా కాపలా కాస్తున్నాడు.

"మా నాయిన చెడగొట్టిండని నేను రాయ సార్. ఇచ్చింది ఎట్ల తీసుకోవాల్నో మీకే తెలవకపాయె."

"అయితే ఈ ఉద్యోగం లేదు. ఇసుక లాగే పని కూడా లేదు. పో."

"పోత. సంతకం మాత్రం పెట్ట" అని నా తుమ్మపిడి కర్ర తీసుకుని బయటికి వచ్చాను.

నాయిన ఎదురొచ్చాడు. "ఏమన్నరు కొడుకా? మంచిగున్నదన్నరా?"

"మస్తు మంచిగున్నదన్నరు నాయినా."

"మరి కొలువు?"

"ఈడ గాదు. పట్నంల గీసొంటిదే ఇంకా పెద్దదున్నదట. ఆడికి పోత."

నాయిన గొర్రెల్ని అదిలించాడు. "పెద్దదంటే జాగా ఎంతుంటది? గీ మంద సరిపోతదా, మీ చిన్నాయిన మందను గూడ తోలుకరావాల్నా?"

"రెండు తోలుకరా" అన్నాను.