పిచ్చమ్మ చెప్పని సాక్ష్యం

గంగాధరం ఎన్నడూ పెళ్లాన్ని సైకిలెక్కించుకుని తొక్కింది లేదు. సైకిలు చేపల గంపకి. పిచ్చమ్మ పక్కన నడిచేది. ఆ రోజు సూళ్లూరుపేట బజారులో సోడాబుడ్డి పెంకు గుచ్చుకుని ఆమె అరికాలు తెగింది. ఆమెను క్యారియరు మీద కూర్చోబెట్టి, తాను నడుస్తూ సైకిలు నెట్టుకొస్తుంటే పోలీసు ఆపాడు. సైకిలు మీద ఇద్దరెక్కడం అప్పట్లో నేరం. ఇద్దరెక్కి తొక్కుతున్నారని కేసు రాశాడు.

"ఒప్పుకోబాకన్నా," అన్నాడు సైకిలుషాపు పరంజ్యోతి. "వొదినతో సాక్ష్యం చెప్పించు. అయితే కోర్టులో ముందు మొగుడి పేరు అడుగుతారు."

అక్కడే వచ్చింది చిక్కు. పిచ్చమ్మ నోటికి బజారంతా జడిసేది. కానీ మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తరిగిపోతుందని ఆమె భయం. గంగమ్మ జాతరను కూడా అమ్మోరి జాతర అనేది.

ఆ సాయంత్రం గంగాధరం గంప బోర్లించి, దానిమీద జడ్జీలాగా కూర్చున్నాడు.

"ఏమమ్మా, నీ మొగుడి పేరేంది?"

"ఎదురుగానే ఉండాడు గదా, ఆయన్నే అడగండి."

"కోర్టులో అట్టంటే కుదరదు మే."

"నల్లంగా, పొడుగ్గా ఉంటాడని రాసుకోమను. బుర్రలో గుజ్జు లేదని కూడా రాసుకోమను."

గంగాధరం నవ్వాడు. అంతలోనే మొహం దించుకున్నాడు. "చెయ్యని తప్పుకి నలుగురిలో తల వంచాలంటే మనసొప్పడం లేదు మే."

పిచ్చమ్మ వేళాకోళం ఆగిపోయింది. కుంటుకుంటూ లేచి చేతులు కడుక్కుని, పులికాట్ సరస్సు ఒడ్డునున్న అమ్మోరి గుడి వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది.

"చెప్తానయ్యా. నీకేం కాకుండా చూడమని అమ్మోరికి మొక్కుకున్నా."

ఆమె పెదవులు విడివడ్డాయి. పేరు ఇంకా బయటికి రాకముందే కళ్లు నిండిపోయాయి. గంగాధరం గబుక్కున ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దులే."

వాయిదా నాడు బంట్రోతు కోర్టు అరుగు మీద నిలబడి, వీధి చివరికి వినిపించేలా అతని పేరు పిలిచాడు. గంగాధరం లోపలికి పోయి తప్పు ఒప్పుకున్నాడు. అనుకున్నంత సిగ్గు వెయ్యలేదు. తిరిగి వస్తుంటే పరంజ్యోతి, "ఓడిపోయినావే అన్నా!" అని ఎగతాళి చేసినా మనసు నొచ్చుకోలేదు.

ఇంట్లో పిచ్చమ్మ కంచం పెట్టి, "ఏమన్నారు?" అంది.

"ఒప్పేసుకున్నా."

"చెయ్యనిదాన్నా!"

ఇక ఆమె పోలీసును, కోర్టును, సోడాబుడ్డి పగలగొట్టిన పుణ్యాత్ముణ్ణి వరసపెట్టి దులిపేసింది. పక్క గుడిసెల వాళ్లు బయటికొచ్చి విన్నారు. గంగాధరం చేపల పులుసు కలుపుకుంటూ, మరో ముద్ద అన్నం వడ్డించమని కంచం ముందుకు జరిపాడు.