సున్నం కింద హంసలు

పోయిన వారం పెనుకొండలో కొండ కింది పాత గుడికి పోయినాను. మంటపానికి సున్నం కొడుతున్నారు. నేను హంసల స్తంభం దగ్గర నిలబడ్డాను.

మాది ధర్మవరంలో మగ్గం ఇల్లు. నాకు ఏడేళ్లప్పుడు నాయన నన్ను ఈ గుడికే తీసుకొచ్చి, ఈ స్తంభానికి పల్చటి కాగితం అదిమి, దానిమీద బొగ్గు రుద్దాడు. రాతిలోని హంసల బారు కాగితంమీద తేలింది.

“ఏం చేస్తాండావు నాయనా?”

“ఈ హంసల్ని చీర అంచుకు తీసకపోతాండా పాపా.”

తీసుకుపోతే రాయి బోసిపోతుంది కదా అనుకున్నాను. భయంతో వెనక్కి తిరిగి చూడలేదు.

నెల తిరక్కుండానే అవ్వ మొక్కు తీర్చడానికి నన్ను మళ్లీ ఇక్కడికే తెచ్చింది. ఆ కాగితాన్ని గౌనులో దాచి తెచ్చి, కళ్లు మూసుకుని స్తంభం మొదట్లో పెట్టాను. కళ్లు తెరిస్తే హంసలన్నీ రాతిలోనే ఉన్నాయి. నావల్లే తిరిగొచ్చాయని పొంగిపోయాను.

ఇంట్లో నాయన ఆ కాగితం కోసం మగ్గం గుంతలో కూడా వెదికాడు. చెప్పేశాను. “పోనీలే పాపా, ఆడనే ఉండనీ” అన్నాడు. ఆ చీరకు ఉత్త జరీ అంచు నేశాడు.

నాయన పోయి నాలుగేళ్లయింది. ఏటేటా పూసిన సున్నం పేరుకుని స్తంభం నున్నగా అయిపోయింది. అరచేత్తో పైనుంచి కిందిదాకా తడిమాను. ఒక్క ముక్కు, ఒక్క రెక్క తగల్లేదు. ఆ పొద్దు నేను కాగితం తేకుంటే, ఎవరి పెట్టెలోనో ఒక చీర అంచునైనా అవి ఉండేవి. ఏడుపు కూడా రాలేదు.

“ఏం వెదకతాండావక్కా?” అన్నాడు సున్నం కొట్టే ఆయన.

“ఏం లేదప్పా” అని, కొళాయి దగ్గర చేయి కడుక్కున్నాను.