తాతయ్య లెక్కపెట్టిన చెప్పులు

మా తాతయ్యను అందరూ తాడుగారు అనేవారు. పంట కొలతల శాఖలో ముప్పై ఒక్క ఏళ్లు గుమస్తాగా పనిచేశాడు. భుజాన తాడు, సంచిలో నాలుగు మేకులు, వేలాడదీసే కాటా ఒకటి. ఏ చేను కొలవమంటే ఆ చేలో దిగి, ఐదు మీటర్ల చదరానికి తాడు కట్టి, అందులోని మొక్కజొన్న కోయించి, గింజ ఒలిపించి, ఎండాక తూచేవాడు. మొక్క మొదలు తాడుకు లోపలుందా బయటుందా అని బురదలో బోర్లా పడుకుని చూసేవాడట. దేశమంతా తన తాడుకే వేలాడుతోందని ఆయన నమ్మకం. ఇంట్లో చక్కెర డబ్బాకు మూత పెట్టడం మాత్రం ఇప్పటికీ చేతకాదు.

ఆయన రిటైరైన మూడో ఏడు ఒకనాటి పొద్దున పేపర్లో ఒక పట్టిక వచ్చింది. అరవై దేశాల వ్యవసాయాన్ని పక్కపక్కన నిలబెట్టి, చేలో దిగిన ఒక్కో మనిషికి ఎంత పంట వస్తోందో లెక్కగట్టారు. మన దేశానిది యాభై నాలుగో స్థానం. ఒక్కరు చేయగల పనిని ఇక్కడ పదిమంది చేస్తున్నారని కింద ఎవరో పెద్దమనిషి రాశాడు.

తాతయ్య టీ గ్లాసు వదిలేసి లేచాడు.

"పదిమందా? వీడి మొహం! అక్కడ ఒక్కడు ట్రాక్టరెక్కి కూర్చుంటాడు. ఆ ట్రాక్టరు తాగే డీజిలు ఎవడు లెక్కపెట్టాడు? దాన్ని తయారుచేసిన ఫ్యాక్టరీ మనుషుల్ని ఎవడు లెక్కపెట్టాడు? మనిషికైతే గడి ఉంది, డీజిలుకు గడి లేదా? కోతీ, కాగితం తీసుకురా!"

కోతి అంటే నేనే. చదువు అబ్బలేదు గానీ నా చేతిరాత బాగుంటుంది. ఆయన చెయ్యేమో వణుకుతుంది. పైగా నాకూ ఒళ్లు మండింది. ఎండలో నడుం విరిగేలా పనిచేసేవాళ్లను, ఫ్యాను కింద కూర్చుని దండగమనుషులనేయడమే!

"సంపాదకుడికి రాయి. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క గింజ కూడా తప్పు రాయని గుమస్తాను..."

అర పేజీ నిండాక నాకో అనుమానం వచ్చింది.

"తాతయ్యా, పంటంటే కాటాతో తూచావు. మనుషులెంతమందో వాళ్లకు ఎవరు చెప్పారు?"

"మేమే. ఇంట్లో ఎంతమంది చేలో పనిచేస్తారని ఫారంలో చివరి గడి ఉండేది."

"వాళ్లనెలా తూచావు?"

తాతయ్య గొంతు సవరించుకున్నాడు. "పొద్దు వాలిపోయేది. ఇంకా రెండు చేలు మిగిలుండేవి. వీధి గుమ్మం ముందు చెప్పులుంటాయి కదా..."

"ఉంటే?"

"జతకొకరు చొప్పున వేసేవాణ్ణి."

నవ్వాపుకోలేక నా చేతిలోంచి పెన్ను జారిపోయింది. అప్పుడే అమ్మమ్మ చేను నుంచి వచ్చి, తడికాళ్లతో పెరటి గుమ్మంలో నిలబడి ఉంది. ఎకరన్నర మొక్కజొన్న ఆవిడ రెక్కల మీదే నడుస్తుంది.

"వీధి గుమ్మం ముందా?" అంది మెల్లగా. ఆవిడ మెల్లగా మాట్లాడిందంటే మా ఇంట్లో పిల్లి కూడా బయటికి పోతుంది. "చేను నుంచి వచ్చే ఆడది వీధి గుమ్మంలోంచి వస్తుందటండీ? పెరట్లోనే కాళ్లు కడుక్కుంటాం, అక్కడే చెప్పులు విడుస్తాం. వీధివైపు ఉండేవి కబుర్లకొచ్చినవాళ్లవి, పేకాటకొచ్చినవాళ్లవి!"

"అది కాదే..."

"ఒక ఏడు మన చేను కూడా లెక్కలోకి వచ్చిందిగా. మన ఇంటికేం రాశారు?"

"ఒకరని."

"ఎవరా ఒకరు?"

తాతయ్య వీధి గుమ్మం ముందు తళతళలాడుతున్న తన తోలు చెప్పుల వైపు చూశాడు.

"ఆహా! ఆ చేలో మీరెంత దూరం నడిచారో! తాడు పట్టుకుని ఐదు మీటర్లు! డీజిలుకు గడి లేదని చేను దాకా వినబడేలా అరిచారే. నాకు గడి ఉంది కదండీ, అందులో నన్నెందుకు రాయలేదు?"

తాతయ్య చల్లారిన టీ గ్లాసు చేతిలోకి తీసుకుని, "మీ అందర్నీ కలిపితే మన స్థానం ఇంకా కిందికి పోతుందేమోనే" అని గొణిగాడు.

"పోతే పోనీయండి. పేకాటవాళ్లను కొట్టేస్తే పైకే వస్తుందేమో, నాకేం తెలుసు? నేను లేకుండా ఆ మొక్కజొన్న దానంతటదే మొలిచిందా?"

నేను కాగితం ఎత్తి చూపించాను. "తాతయ్యా, మొదటి వాక్యం కొట్టేయనా?"

"గింజ తప్పు రాయలేదు. అది ఉండనీ." కాగితం మీద వేలు పెట్టి, "దాని కింద రాయి. మనుషుల గడిలో చెప్పులు రాశాను" అన్నాడు.

"డీజిలు సంగతి?"

"అదెందుకు కొట్టేస్తావే? నేను తప్పు చేశానని వాళ్లది ఒప్పైపోతుందా?" మళ్లీ ఆ గొంతే.

పాత నోటుపుస్తకం ఒకటి చంకలో పెట్టుకుని బయల్దేరాడు. పక్కింటికట. అలవాటుగా వీధివైపు రెండడుగులు వేశాడు. ఆగి, వెనక్కి తిరిగి, పెరట్లోకి నడిచాడు.

అమ్మమ్మ వెనకనుంచి కేకేసింది.

"ఏడాదికి ఎన్ని రోజులు చేలో ఉంటారో ఒక్కొక్కరినీ అడగండి. అక్కడ కూడా జతలు లెక్కపెట్టి వచ్చారంటే ఊరుకోను!"