అమ్మ పేజీ

నా చిన్నప్పుడు ఆదోనిలో మా వీధి ఆడవాళ్ళు సంఘంగా చేరి చేతిరాత పత్రిక ఒకటి నడిపేవాళ్ళు. వాళ్ళలో చాలామంది పత్తి మిల్లుల్లో కూలికి పోయేవాళ్ళు. రాయడం వచ్చినవాళ్ళు తక్కువ. అందుకని ఎవరికి తోచింది వాళ్ళు చెబితే, టీచరు ట్రైనింగు చదువుతున్న పక్కింటి అక్క రాసేది. ఉన్నది ఒకే ప్రతి. దాన్ని దబ్బనంతో కుట్టి ఇంటింటికీ తిప్పేవాళ్ళు. ఎమ్మిగనూరులోని చుట్టాల దాకా పోయి, నలిగి తిరిగొచ్చేది. అక్క ఒక పద్ధతి పెట్టింది. రాసిన పేజీని చెప్పినవాళ్ళకే చదివి వినిపించాలి. వాళ్ళు సరేనంటేనే కుట్టాలి.

మా అమ్మా ఆ సంఘంలో మెంబరే. నేను నాలుగో తరగతిలో ఉండగా జ్వరం వచ్చి అమ్మ చనిపోయింది. నాకు ఏడుపు రాలేదు. చూడడానికి వచ్చినవాళ్ళు బిడ్డకు ఇంకా తెలీదు అనుకుంటూ పోయారు. నాకు తెలుసు. తెలిసినా లోపల ఏమీ కదిలేది కాదు. పెట్టింది తినేదాన్ని, పడుకోమంటే పడుకునేదాన్ని. ఇంట్లో అమ్మ ఫొటో ఒక్కటి కూడా లేదు.

తర్వాతి పత్రికకు, సంఘంలో పెద్దామె అయిన ఒక అత్త అమ్మ మీద ఒక పేజీ రాయించింది. అందరూ కూర్చున్నప్పుడు అక్క నన్ను పిలిపించింది. మీ అమ్మ లేదు కాబట్టి నువ్వు వినాలి అని చదివింది. అందులో అమ్మ కోపమెరుగని తల్లి, వెన్నెల లాంటి మనిషి. వింటుంటే అది ఎవరో నాకు తెలియలేదు. ఈ పేజీ కుడితే వీధంతా ఈమెనే అమ్మ అనుకుంటారు, కొన్నాళ్ళకు నేనూ అనుకుంటాను అని భయమేసింది.

"మీయమ్మ ఇట్లే ఉండ్యా పాపా?" అంది అక్క.

"కాదు."

"మరెట్లుండ్య?"

"కొడ్తాండ్య. సంగటి మెత్తగైతే నీళ్ళెక్కువ పోసినావని కొడ్తాండ్య. మళ్ళా తనే ముద్ద చేసి పెడ్తాండ్య."

మిల్లులో అమ్మ పక్కన పనిచేసే ఆమె నవ్వింది. "ఆయమ్మ దెబ్బ నేనూ తిన్న్యా. ఆయమ్మ జాగాలో కూర్చున్న్యానని." ఇంకొందరు నవ్వారు. అమ్మ పోయాక నా ముందు ఎవరైనా నవ్వడం అదే మొదలు.

అత్తకు నచ్చలేదు. "సచ్చిపోయినోళ్ళ గురించి ఇట్లా రాస్తారా?"

"సచ్చిపోయినోళ్ళని కాదత్తా. మన మెంబరని రాస్తాండా," అంది అక్క. ఆ కాగితాన్ని పక్కన పెట్టి, నేను చెప్పిందీ మిల్లు ఆమె చెప్పిందీ రాసింది. నాకు చదివి వినిపించింది. నేను తలూపాక కుట్టింది.

పత్రిక మా ఇంటికి వచ్చిన రోజు మా నాయనకు నేనే చదివి వినిపించాను. ఆయనకు చదువు రాదు. "నన్ను తిట్టేది రాయల్యా?" అన్నాడు. తువ్వాలతో ముఖం తుడుచుకుని, "మళ్ళా సదువు," అన్నాడు.

ఈ వానాకాలంలో మా ఆయన పోయారు. ఆయనతో పనిచేసి రిటైరైనవాళ్ళు తమ సంఘం పత్రికకు ఒక పేజీ అడిగారు. అన్నం తినేటప్పుడు మాట్లాడిస్తే చిరాకు పడేవారనీ, చుట్టాలకు రానని చెప్పడం చేతకాక ఫోను నా చేతికిచ్చేవారనీ, తాళం వేశాక లాగి చూసి, నాలుగడుగులు వేసి మళ్ళీ వచ్చి చూసేవారనీ రాసి పంపాను. వాళ్ళు ఫోను చేసి, కొంచెం గొప్పగా ఉంటే బాగుంటుందమ్మా అన్నారు. అట్లాగే ఉండనివ్వమన్నాను.

పోయినవాళ్ళను మెచ్చుకోవడం ఎవరైనా చేస్తారు. గుర్తుపట్టేటట్టు చెప్పడం మాత్రం వాళ్ళతో కలిసి బతికినవాళ్ళు చేయాల్సిన పని. అక్క దగ్గర నేర్చుకున్నది అదొక్కటే. ఏడుపు ఇప్పుడూ రాలేదు. ఆ పని మాత్రం చేయగలిగాను.