వ్యానులో ఉక్క

మా మామ, అంటే అమ్మకు అన్న, ఒక పాత మినీబస్సు కొని సీట్లన్నీ పీకేయించాడు. లోపల రెండు మంచాలు, ఒక గ్యాసు పొయ్యి, చిన్న సింకు పెట్టించాడు. గండికోట చూడటానికి వచ్చేవాళ్ళకు బాడుగకు తిప్పాలని ఆయన ఆలోచన. మే నెల ఎండను బండి తట్టుకుంటే ఇక ఏడాదంతా దిగులు లేదని మొదటి ప్రయాణానికి మమ్మల్నే ఎక్కించాడు. అమ్మ, నేను, అవ్వ.

చల్లదనం కోసం ఆయన చేయని పని లేదు. మిద్దెకు కొట్టినట్టు వ్యాను పైకప్పుకు సున్నం కొట్టించాడు. లోపల థర్మోకోల్ అతికించాడు. వెనక మూల నీళ్ళ కూలరు బిగించి, చల్లగాలి పోకూడదని కిటికీల సందులన్నిటికీ టేపు వేశాడు. కూలరుతో వచ్చిన కాగితం నేను ముందురోజే చదివాను. అచ్చయింది ఏది కనబడినా చదివే అలవాటు నాకు. కూలరుకు ఎదుటి కిటికీ కొంచెం తీసి ఉంచాలని అందులో ఉంది. డైరీలో రాసుకున్నాను గాని మామతో చెప్పలేదు. నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదు.

కోయిలకుంట్ల దాటాక ఇంజను వేడెక్కింది. నీడ లేని చోట బండి ఆపి, మామ బానెట్ ఎత్తి కిందే ఉన్నాడు. మేం లోపల ఉన్నాం. కూలరు బ్యాటరీ మీద తిరుగుతోంది. మొదట హాయిగానే ఉండింది. కాసేపటికి దుప్పటి చెమ్మగిల్లింది. డైరీ కాగితాలు మెత్తబడ్డాయి.

"వాన వచ్చేట్టుండాదమ్మే, ఉక్క పోస్తాంది" అంది అవ్వ మంచం మీద నుంచి.

అమ్మ నవ్వింది. "మబ్బే లేదు, యాడ వానమ్మా? నిద్దరమత్తులో ఉండావు."

నాకు నవ్వు రాలేదు. మే నెలలో మేం ఎండ అంటాం, సెగ అంటాం, వడగాలి అంటాం. ఉక్క అనం. అది వానకు ముందు రోజుల మాట. మా దిక్కు చెమట పట్టినట్టే తెలియదు, అంతలో ఆరిపోతుంది. నా చేతుల మీద చెమట ఆరడం లేదు. కూలరు తడిగాలికి బయటికి దారి లేక, ఆ ఉక్క ఈ పెట్టెలోనే పుట్టింది.

"కోళ్ళను మూసినారా?" అంది అవ్వ. మా ఇంట్లో కోళ్ళు లేక ఏళ్ళయింది. అమ్మ అవ్వ నుదుటి మీద చెయ్యి పెట్టి, చటుక్కున తీసేసింది. "అన్నా, అమ్మ ఒళ్ళు కాలిపోతాంది" అని కేకేసింది.

మామ తలుపు దగ్గరికి వచ్చాడు.

"కిటికీ తీయాల మామా" అన్నాను. నాకే సరిగా వినపడలేదు. మళ్ళీ అన్నాను.

"బయట నిప్పులు కురుస్తాంటే తీస్తావా? ఎప్పుడూ మాట్లాడని దానివి, మాట్లాడి మాట్లాడి ఇదా చెప్పేది?"

కూలరుకు ఎదుటి కిటికీ టేపు గోళ్ళతో పీకాను. కిటికీ జరపగానే వడగాలి మొహాన కొట్టింది. అవ్వను నేనే చంపుతున్నానేమో అనిపించింది. అయినా మూయలేదు. కూలరు గాలి నా చెంప పక్కనుంచి బయటికి పోవడం మెల్లగా తెలిసింది. అమ్మ తడిగుడ్డతో అవ్వ ఒళ్ళు తుడుస్తూ ఉంది. తుడిచిన తడి ఆరుతోంది. అవ్వ కళ్ళు తెరిచి నీళ్ళడిగింది.

మామ మళ్ళీ బానెట్ దగ్గరికి పోయాడు. రేడియేటరులో నీళ్ళు పోసి, నేరుగా జమ్మలమడుగు ఆసుపత్రికి తోలాడు. రెండు సెలైను సీసాలు ఎక్కాక, సాయంత్రానికి అవ్వ లేచి కూర్చుంది.

"రామ్మా, బండెక్కు. ఇంటికి పోదాం" అన్నాడు మామ.

"నేనెక్కను పో నాయనా. నన్ను ఆవిరికుడుము చేస్తివి."

"ఈసారి కిటికీలన్నీ తీసి పెడతాలే."

"నీ మాట నమ్మేది లేదు. పాప చెప్తే ఎక్కుతా."

అందరూ నా వైపు చూశారు. నేను వ్యానెక్కి తక్కిన మూడు కిటికీల టేపు కూడా పీకడం మొదలుపెట్టాను. మామ ఆ ముక్కలు ఏరుకుంటూ నా వెనకే వచ్చాడు.