తెలుక్ ఇంటాన్‌లో జర్మన్ దిక్సూచి

ఉదయం 6:25కు కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్‌లోని నా గదికి తాళం వేశాను. 6:48కి కె.ఎల్. సెంట్రల్‌లో రైలెక్కి దక్షిణ బస్సు టెర్మినల్ చేరి, 7:30 బస్సు పట్టుకున్నాను. తెలుక్ ఇంటాన్‌కు సుమారు 160 కిలోమీటర్లు. టికెట్టు 24 రింగిట్‌లు. కిటికీ సీటే దొరికింది, కానీ చూపు బయట నిలవలేదు.

ఈ ప్రయాణానికి కారణం పదకొండు రోజుల క్రితం నేను పంపిన ఒక్క వాక్యం. కొలత పరికరాలను సరిచూడడం నా ఉద్యోగం. రెండో ప్రపంచయుద్ధ కాలపు జర్మన్ సైనిక సామగ్రి అసలో నకిలీయో తేల్చడం నా వ్యాపకం. తెలుక్ ఇంటాన్ దగ్గరుండే అప్పలస్వామిగారు ఒక దిక్సూచి ఫొటోలు కూతురి చేత పంపించారు. యుద్ధంలో జర్మన్ జలాంతర్గాములు పినాంగ్ రేవులో ఆగేవి. జపానువాళ్లు అక్కడికి కూలికి తోలిన రబ్బరు ఎస్టేటు మనుషుల్లో ఆయన తండ్రి ఒకరు. ఒక జర్మన్ నావికుడు ఈ దిక్సూచిని ఆ తండ్రికి ఇచ్చాడట. బంధువులెవరూ నమ్మరు, ఆ మాటకు ఉన్న సాక్ష్యం ఈ వస్తువొక్కటే.

ఫొటోలో గుర్తులు పచ్చగా వెలుగుతున్నాయి. ఎనభై ఏళ్ల నాటి రేడియం రంగు అలా వెలగదు. "నకిలీ, ఇటీవలి తయారీ" అని రాసేశాను. పాత రంగు మీద ఎవరైనా కొత్తది పూసి ఉండవచ్చని మొన్న పనిలో ఉండగా తట్టింది. వెలుగు పోయినా రేడియం పోదు, కొలిస్తే తెలుస్తుంది. నేను కొలవలేదు.

9:40కి బిడోర్ దగ్గర హైవే దిగాం. ఫోనులో నా తెలుగు విన్న పక్కసీటు పెద్దావిడ నా ఒళ్లోని గైగర్ కౌంటర్ చూసి, "ఏటమ్మా, సుగరు సూసే మిసనా?" అంది. రేడియేషన్ కొలిచేదన్నాను. "అయితే నన్నూ సూడు లా" అని, ఇక్కడి మాటతీరులో చివర 'లా' చేర్చి, చెయ్యి చాపింది. గంటకు 0.14 మైక్రోసీవర్ట్, అంటే మామూలే. ఆవిడ తృప్తిగా కళ్లు మూసుకుంది.

10:32కు దిగి, 14 రింగిట్‌లకు టాక్సీలో పదకొండు కిలోమీటర్లు వెళ్లాను. ఆయన కూతురు పార్వతి తలుపు తీసింది. నా సందేశం వచ్చాక ఒక పెళ్లిలో బంధువులు "మీ తాతగారి జర్మన్ దోస్తు ఏమంటున్నాడు" అని ఆటపట్టించారని, అప్పటినుంచి నాన్న సరిగా తినడంలేదని సగం తమిళంలో చెప్పింది.

ముందుగదిలో అప్పలస్వామిగారు బల్ల మీద పాత పేపరు పరిచి కూర్చున్నారు. దిక్సూచి అద్దం ఊడదీసి ఉంది. చాకుమొనతో గుర్తుల మీది రంగు గీకుతున్నారు.

"పైరంగు నేనే ఏసినానమ్మా. అయ్యకి సూపు తగ్గినాక గేలాలకి పూసే, సీకట్లో ఎలిగే రంగు కొన్నాను. ఆయన పోయినాక కూడా ఆయుధపూజకి ఏటా పూసినాను. అది తీసెస్తే కింద అసలుది ఉంటాది గదా, మీకు సూపిద్దామని."

చాకు కింద పెట్టించాను. కౌంటర్‌ను పేపరు మీదికి తెచ్చేసరికి చిటపటలు ఆగలేదు: గంటకు 7.2 మైక్రోసీవర్ట్, మామూలుకు యాభై రెట్లు. పైరంగుతోపాటు పాతదీ పొడిగా రాలిపోయింది. అది ఊపిరితో లోపలికి పోకూడదని చెప్పి, ఆయన చేత సబ్బుతో మూడుసార్లు చేతులు కడిగించాను. బల్ల, నేల తడిగుడ్డతో తుడిచి, పేపరును, గుడ్డను రెండు సంచుల్లో మూసి, దిక్సూచిని ఇంకో సంచిలో ఉంచాను. అవి తెరవొద్దని, ఏ ప్రభుత్వ కార్యాలయానికి కబురు చేయాలో పార్వతికి రాసిచ్చాను.

"అయితే అసలుదేనా?" అన్నారాయన.

"అసలుదేనండి. తప్పు నాది."

"మా అయ్యకే ఇచ్చినాడని ఆ మిసను సెప్తాదా?"

"చెప్పదండి."

"ఆ మాట నేను సెప్పుకుంటాను. దొంగది కాదని మీరు రాయండి."

రాశాను: వృత్తాన్ని 6400 భాగాలు చేసిన సైనిక స్కేలు, తూర్పుకు జర్మన్ మాట 'ఓస్ట్'లోని 'ఓ' అక్షరం, అచ్చులోనే పోసిన తయారీ సంకేతం, కొలిచిన అంకెలు. పార్వతి ఆ కాగితం ఫొటో తీసి బంధువుల గ్రూపులో పెట్టింది. చేపల పులుసుతో అన్నం తిన్నంతసేపూ ఆయన ఫోను వైపే చూశారు. నేను లేచేవరకు ఎవరూ బదులివ్వలేదు.

3:15 బస్సులో తిరిగి బయల్దేరాను. ఇలాంటి పనిమీద వెళ్లేవారు పరికరం ముందు తీసుకెళ్లాలి, తీర్పు తర్వాత రాయాలి. నేను క్రమం మార్చాను.

బస్సు రానూపోనూ 48 రింగిట్‌లు, టాక్సీలు 28. దిక్సూచిలోని తొమ్మిది వెలుగు గుర్తుల్లో మిగిలినవి మూడు. పోయిన ఆరూ నా సందేశం తర్వాత పోయినవే.