జెబూలూను తల్లి

పలాసలో డయాలసిస్ గది బయట బల్ల మీద పైడమ్మ గోడకు చేరగిలబడి కూర్చుంది. లోపల గుమ్మం పక్క మంచం మీద ఆమె మొగుడు ఢిల్లీరావు పడుకుని ఉన్నాడు. రోజు విడిచి రోజు ఇదే ప్రయాణం. తెల్లారకుండా లేచి వంట చేసి, దారిలో పూండిలో దిగి ఎండు నెత్తళ్ళు అమ్ముకుని, మొగుణ్ణి చెయ్యి పట్టి ఇక్కడికి తేవాలి. మొదట్లో ఆ బల్ల మీద కూర్చున్నవాళ్ళ కష్టసుఖాలు అడిగేది. ఇప్పుడు ఎవరు పలకరించినా తల ఊపి ఊరుకుంటోంది.

మధ్యాహ్నం కొడుకు అన్నం క్యారేజీ తెచ్చాడు. వాడు పలాసలోనే సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టులో పనిచేస్తాడు. వెనకనే ఒక కుర్రాడు వచ్చి, "వరుణ్, బండి తాళం ఇయ్యరా," అని కేకేశాడు. కొడుకు జేబులోంచి తాళం తీసి ఇచ్చాడు.

"వరుణెవరు?" అంది పైడమ్మ.

"నానే. కొట్టులో అందరూ అలగే పిలుత్తారు."

"నీకు పేరు లేదేటి?"

వాడు క్యారేజీ బల్ల మీద పెట్టాడు. చాలాకాలంగా దాచుకున్న విసుగు ఒక్కసారి బయటికొచ్చింది.

"ఎవడికీ నోరు తిరగదమ్మా ఆ పేరు. జెబూలూను! ఇన్నోడల్లా 'కిరస్తానీవా' అంటాడు. కాదంటే 'మరి అదేం పేరు' అంటాడు. గంగమ్మ గుళ్ళో పేరు సెప్తే పూజారి నవ్వినాడు. సర్చి కాడికెల్తే 'ఏ సంఘం తమ్ముడూ' అని అడుగుతారు. ఇటూ కాను, అటూ కాను. ఊళ్ళో ఇన్ని పేర్లుండగా నాకిదెందుకు పెట్టినావు?"

ఇన్నేళ్ళుగా ఎవరడిగినా పైడమ్మ 'ఆస్పత్రిలో మొక్కుకున్నాను' అని తప్పించుకుంది. అత్తగారితోనూ ఆ మాటే చెప్పింది. ఈ వేళ కొత్త మాట కల్పించే ఓపిక లేదు.

"కూకో, సెప్తాను," అంది.

వాడి ముందు రెండు కాన్పులు పోయాయి. వాడు కడుపులో ఉండగా డాక్టరు టెక్కలి ఆస్పత్రిలో మంచం దిగవద్దన్నాడు. ఢిల్లీరావు అప్పుడు గుజరాత్‌లో, వీరావల్ చేపల బోట్ల మీద ఉన్నాడు. పెళ్ళయిన ఏడు నుంచీ అంతే. వేటకు సెలవిచ్చే ఎండాకాలంలో వచ్చేవాడు, వానలు పడగానే వెళ్ళిపోయేవాడు. ఊళ్ళో మగవాళ్ళు చాలామంది అలాగే వెళ్ళేవారు గానీ, ఈయన కొన్నేళ్ళు ఎండాకాలంలో కూడా రాలేదు. వచ్చినా నాలుగు రోజులకే ఇంట్లో ఊపిరాడనట్టు తిరిగేవాడు.

ఆ వార్డులో రమణి అని ఒక ఆయా ఉండేది. చర్చికి వెళ్ళే మనిషి. దుప్పట్లు మారుస్తూ కబుర్లు చెప్పేది. ఒకనాడు పైడమ్మ కళ్ళు తుడుచుకుంటుంటే చూసి మంచం పట్టె మీద కూర్చుంది.

"పూర్వం ఇశ్రాయేలీయుల్లో నీలాంటి ఆడమనిషి ఉండేదమ్మా. మొగుడికి ఆవిడంటే మనసు లేదు. ఆరో కొడుకు పుట్టినాక, ఇంక నా మొగుడు నాతోనే కాపరముంటాడు అనుకుని ఆ పిల్లోడికి జెబూలూను అని పెట్టింది. కాపరముండడం అనే మాటలోంచి వచ్చిన పేరంట. గౌరవమని కూడా కొందరు సెప్తారు. ఆ పిల్లోడి పేరే తర్వాత గోత్రం పేరైంది. ఆళ్ళ భూమినీ అదే పేరుతో పిలిచేవోరు. ఆ గోత్రమోళ్ళు ఓడల రేవు దగ్గర ఉంటారని తండ్రి దీవించాడు."

"సముద్రమొడ్డునా?" అంది పైడమ్మ.

"ఆఁ. మీలాగే."

"మరి ఆ మొగుడు ఉండిపోనాడా?"

రమణి లేచి దుప్పటి మడతపెట్టింది. "ఆ సంగతి మా పాస్టరుగారు ఎప్పుడూ సెప్పలేదు," అంది.

బిడ్డ దక్కాడు. పైడమ్మ గంగమ్మకు కోడిని కోసి మొక్కు తీర్చుకుని, పేరు మాత్రం రమణి చెప్పిందే పెట్టింది. ఫోన్లో చెబితే ఢిల్లీరావు, "ఏ పేరైతే ఏటి," అని పెట్టేశాడు. ఆ ఏడు ఎండాకాలంలో వచ్చి బిడ్డను ఎత్తుకున్నాడు. వానలు పడగానే వెళ్ళిపోయాడు.

అంతా చెప్పి పైడమ్మ చెంగుతో మొహం తుడుచుకుంది.

"పైడీ," అని లోపలినుంచి పిలుపు వినబడింది.

ఆమె గుమ్మంలోకి వెళ్ళింది. ఢిల్లీరావు కళ్ళు తెరిచే ఉన్నాడు. మొహం ఉబ్బి, పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"నానుండిపోవాలని పెట్టినావా ఆ పేరు?"

"ఊఁ."

"అప్పుడే సెప్పలేదేం?"

"సెప్తే ఉండేవోడివా మావా?"

అతను పైకప్పు వైపు చూశాడు. అబద్ధమాడదామనుకుని మానుకున్నట్టున్నాడు.

"ఉండేవోణ్ణి కాదు," అన్నాడు చివరికి. "ఇప్పుడుండిపోనాను కదే."

"ఇలగ కాదు మావా నానడిగింది," అంది పైడమ్మ.

ఆ మాట అనేశాక ఆమెకు కోపమూ రాలేదు, ఏడుపూ రాలేదు. కాళ్ళు పీకుతున్నాయని మాత్రం తెలిసింది. కొడుకు లోపలికి వచ్చి, స్టూలు మంచం దగ్గరికి లాగి ఆమెను కూర్చోబెట్టాడు. క్యారేజీ విప్పి అన్నం కలిపి తండ్రికి తినిపించాడు. వాడు అలా తినిపించడం అదే మొదలు.

"నీకేది బాగుంటే అదే పిలిపించుకోరా," అంది పైడమ్మ. "నా కోరికని నీ నెత్తినెట్టినాను."

వాడు కొట్టులో ఆ తర్వాత కూడా వరుణ్‌గానే ఉన్నాడు. కానీ ఆ రోజు నుంచి డయాలసిస్‌కు తండ్రిని వాడే దింపుతున్నాడు, వెనక్కి తెచ్చే పని ఆమెకు వదిలి.

పేరు సంగతి చెప్పిన నాటి సాయంత్రం పూండి నుంచి ఊరికి ఆటోలో వెళుతుంటే, జీడితోటలు దాటకుండానే పైడమ్మకు నిద్ర ముంచుకొచ్చింది. తల మొగుడి భుజం మీదికి ఒరిగింది. సూది దిగిన చెయ్యి అటువైపే. అతను చెయ్యి తియ్యలేదు. ఇంటి ముందు ఆటో ఆగింది. డ్రైవరు వెనక్కి తిరిగి ఏదో అనబోతే, ఢిల్లీరావు ఊరుకోమని సైగ చేశాడు.

"కాసేపుండు బావా," అన్నాడు. "పడుకోనీ."

డ్రైవరు ఇంజను ఆపి, బీడీ ముట్టించుకోవడానికి దిగాడు.